వెనుకకు వంగు విద్య

నిద్ర లేచిన మనుష్యుడు మొట్టమొదట చేయు పని యేది? కన్నులు పూర్తిగా తెరవకముందే రెండు చేతులును తలపైకి చాచి, రొమ్ము పైకెత్తి, వెన్నును విల్లువలె వంచి, ఒక్కమారు ఒళ్ళు విరుచుకొనును. ఇది యొకరు నేర్పిన విద్య కాదు. ఉయ్యాలలోని పసిపాప చేయును. అరుగుమీద పండుకొన్న కుక్క చేయును. ఎనుబదియేండ్ల తాతగారును చేయుదురు. ఇట్లు ఒళ్ళు విరుచుకొని నడుము పట్టించుకొన్నవారు బహు అరుదు. ఎంత దూరము వంగవలెనో అచ్చట శరీరమే నిర్ణయించును. చూచి మెచ్చుకొనువా రెవరును ఉండరు. చాలుననిపించినంతనే అది తనంతట తానే ఆగిపోవును.

యోగాసనములలో వెనుకకు వంగు ఆసనములను గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచి, ఈ ఒళ్ళు విరుపుతో ఆరంభించితిని. వానిని నేర్చుకొనునపుడు మనము పోగొట్టుకొనుచున్నది సరిగా ఈ సహజమైన కొలతయేయని నా అభిప్రాయము. ఆ కొలతను పోగొట్టుకొని నేను స్వయముగా కష్టపడినవాడను గనుక కొంత చనువు తీసికొని మాటలాడెదను.

మన దినచర్యను గమనింపుడు. అన్నము తినునపుడు ముందునకు వంగుదుము. వ్రాయునపుడు, ముగ్గు పెట్టునపుడు, అంట్లు తోమునపుడు, నాట్లు వేయునపుడు ముందునకే వంగుదుము. ఇపుడు చేతిలోని ఫోనును చూచుటకు మెడను కూడ వంచుచున్నాము. వెనుకకు వంగవలసిన పని దినమున కొకటి రెండైనను తగులునో తగులదో. అటకమీది డబ్బాను అందుకొనుట, దండెముమీద బట్ట లారవేయుట, అంతే. కావున ఏండ్ల తరబడి ముందు భాగము ముడుచుకొని, వెనుక భాగము సాగి, భుజములు గుండ్రములైన శరీరముతో మనము ఆసనమునకు వచ్చుచున్నాము. అట్టి శరీరమును ఒక్క నెలలో చక్రమువలె వంచగోరుట, ఎండిన తాటియాకును తడుపకుండ మడువబోవుట వంటిది.

మన పూర్వులు ఈ ఆసనములకు పెట్టిన పేర్లు చూడుడు. ఘేరండ సంహితలో 32 ఆసనములు చెప్పబడినవి. వానిలో భుజంగము, శలభము, ఉష్ట్రము, ధనుస్సు అను పేర్లు గలవి వెన్నును వెనుకకు వంచునవి. పాము పడగ యెత్తునపుడు నడుమును విరుచుకొనదు. అడుగుభాగము నేలను గట్టిగా పట్టుకొని యుండగా పై భాగము లేచును. విల్లును ఎక్కుపెట్టినపుడు బద్ద యంతయు వంగును గాని ఒక్కచోట మడత పడదు. ఒక్కచోట మడత పడిన విల్లు విరిగిన విల్లే. పతంజలి యోగసూత్రములలో ఆసనమునకు చెప్పిన లక్షణములు రెండే: అది స్థిరముగా నుండవలెను, సుఖముగా నుండవలెను. ప్రయత్నమును సడలించుటచేత అది సిద్ధించునని వెంటనే చెప్పెను. ఎంత యెక్కువ వంగిన అంత గొప్ప యని ఎచ్చటను చెప్పలేదు.

నా 42వ యేట నేనొక యోగ తరగతిలో చేరితిని. దినమంతయు కుర్చీలో కూర్చుండి లెక్కలు వ్రాయు ఉద్యోగము నాది. జూన్ 21వ తేదీ సమీపించుచుండెను. ఐక్యరాజ్యసమితి 2014లో ఆ దినమును అంతర్జాతీయ యోగ దినోత్సవముగా ప్రకటించగా, 2015 మొదలు ఏటేట ప్రదర్శనలు జరుగుచున్న సంగతి మీ రెరిగినదే. మా తరగతివారును ఒక ప్రదర్శన తలపెట్టిరి. నేను చేరి ఆరు వారములు కూడ నిండకమునుపే నన్ను ధనురాసనము వేయువారి వరుసలో నిలిపిరి. బోర్ల పండుకొని, మోకాళ్ళు మడిచి, చీలమండలు పట్టుకొని లేచితిని. రొమ్ము లేచినది గాని తొడలు నేలను విడువలేదు. శిక్షకుడు దగ్గరకు వచ్చి, “ఇంకొంచెము, ఇంకొంచెము” అనుచు నా పాదములను పట్టి పైకి లాగెను. నడుము అడుగుభాగమున, కుడి ప్రక్కను, సూది గ్రుచ్చినట్లయినది. నలుగురిలో నోరు తెరచి చెప్పుటకు సిగ్గుపడితిని. ఆ సిగ్గే నా కొంప ముంచినది. మరునాడు మంచము దిగలేకపోతిని.

శిక్షకుని తప్పు పట్టుటకు ఈ సంగతి చెప్పుట లేదు. ఆయన మంచివాడే, వరుస చక్కగా కనబడవలెనని ఆతురపడెను. నేనును అంతే. ఇద్దరి కన్నులును చూచువారి మీదనే యుండెను, నా నడుము మీద ఎవరి కన్నును లేదు. వైద్యులు పరీక్షించి, ఎముకకు ప్రమాదము లేదనియు, పూసల వెనుకనున్న కీలు నలిగి వాచినదనియు చెప్పిరి. మూడు నెలలు బిందె యెత్తలేదు, బస్సులో నిలువలేదు. మా చిన్నవాడు ఎత్తుకొమ్మని చేతులు చాచినపుడు, “నాన్నగారికి నడుము నొప్పి” అని వాని తల్లి వానిని పిలుచుకొని పోయెడిది. ప్రదర్శనలో వరుస నిండుటకై చెల్లించిన వెల యిది.

ఆ తరువాత వయసు చెల్లిన ఒక ఉపాధ్యాయినిని ఆశ్రయించితిని. ఆమె నా కథ యంతయు విని, “నాయనా, మూడు వారములు నీవు వెనుకకు వంగరాదు. మడిచిన దుప్పటిమీద వెల్లకిల పండుకొనుము, అంతే” అనిరి. నాకు నవ్వు వచ్చినది. కాని ఆ దుప్పటి పాఠములోనే విద్య యంతయు ఇమిడి యున్నదని తరువాత తెలిసికొంటిని. అది తెలియుటకు వెన్నెముక నిర్మాణమును కొంచెము చెప్పుకొనవలెను.

మెడయందు 7 పూసలు, రొమ్ము వెనుక 12 పూసలు, నడుమునందు 5 పూసలు విడివిడిగా కదలునవి. వాని క్రింద 5 పూసలు అతుకుకొని యేర్పడిన త్రికాస్థియు, దాని కొనను తోక గుర్తుగా మిగిలిన చిన్న యెముకయు కలవు. ఈ మూడు భాగములును వెనుకకు ఒక్క తీరున వంగవు. రొమ్ము వెనుకనున్న పూసలకు 12 జతల ప్రక్కటెముకలు తగిలి యున్నవి. అదియును గాక, ఆ పూసల వెనుక ముండ్లవలె పొడుచుకొని వచ్చిన కొనలు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిమీద ఒకటి క్రిందికి వాలి యుండును. వెనుకకు వంగబోయినంతనే ఆ పెంకులు ఒకదానికొకటి అడ్డు తగులును. నడుము పూసలకు ఇట్టి అడ్డు తక్కువ. మెడయును స్వేచ్ఛగా కదలును.

దీని ఫలితమేమనగా, “వెనుకకు వంగుము” అని ఆజ్ఞాపించినపుడు శరీరము సులభముగా వంగు రెండు తావులనే వంచును: మెడను, నడుము అడుగును. ఉమ్మడి కుటుంబములో నెమ్మదైన కోడలిమీదనే పనియంతయు పడినట్లు, నడుములోని చివరి రెండు మూడు పూసలమీదనే భారమంతయు పడును. పూసల వెనుక జతలు జతలుగా నున్న చిన్న కీళ్ళు ఒరసికొనును. మాటిమాటికి ఇట్లు జరిగినచో పూస వెనుకనున్న సన్నని భాగమున బీట పడుట కూడ కలదు. వెన్నును అతిగా వంచు వ్యాయామములు చేయు బాలబాలికలయందును, క్రికెట్టులో వేగముగా బంతి వేయువారియందును ఇట్టి బీటలను వైద్యులు తరచుగా కనుగొనుచున్నారు. బీధులలో గడసాము చేయువారి పిల్లలు వెనుకకు వంగి నేలమీది నాణెమును నోటితో అందుకొనుట మనము చూచి అబ్బురపడి యుందుము. వారు ఎముకలు లేతగా నున్న నాటినుండి దానినే నేర్చినవారు. వారికిని అది బాధలేని విద్యయని తలచరాదు.

కావున, వెనుకకు వంగుట నేర్చుకొనుట యనగా నడుమును ఇంకను వంచుట నేర్చుకొనుట కాదు. నడుమును కాపాడుచు, వంగని రొమ్ము భాగమును మెల్లమెల్లగా కదలించుటయు, తొడల ముందు భాగమును సాగదీయుటయు నేర్చుకొనుట. మా ఉపాధ్యాయిని దుప్పటి పాఠము ఇందుకొరకే. దుప్పటిని రెండంగుళముల మందమున మడిచి, అడ్డముగా పరచి, భుజముల వెనుకనున్న రెక్కయెముకల కొనలు దానిమీద ఆనునట్లు వెల్లకిల పండుకొనవలెను. తల క్రింద ఇంకొక చిన్న మడత నుంచి, గడ్డము నొసలికంటె పైకి లేవకుండ చూచుకొనవలెను. మోకాళ్ళు మడిచి పాదములు నేలమీద నుంచవచ్చును. చేతులు ప్రక్కలకు వదలి, ఐదు నిమిషములు ఊపిరి పీల్చుచు విడుచుచు నుండుటయే పని. మొదటి దినమున ఏమియు జరుగుచున్నట్లు తోచదు. పదునైదవ దినమునకు, పీల్చిన ఊపిరి ఇదివరకు చేరని చోటికి చేరుచున్నట్లు తెలియును. అప్పుడు మడతను కొంచెము పెంచవచ్చును, లేదా బాలీసును వాడవచ్చును.

తొడల సంగతి చాలమందికి తెలియదు. తొడను పైకెత్తు లోతైన కండర మొకటి నడుము పూసలనుండి బయలుదేరి, పొత్తికడుపు లోపలినుండి దిగి, తొడయెముక లోపలి వైపున అంటుకొనును. గంటల తరబడి కుర్చీలో కూర్చుండువారికి అది కురుచయై బిగిసి యుండును. అట్టివారు వెనుకకు వంగినపుడు తొడ కీలు తెరచుకొనదు. ఆ కండరము నడుము పూసలను ముందునకు ఈడ్చును. నా ధనురాసనములో తొడలు నేలను విడువకపోవుటకు కారణము ఇదియే. పాదములను పైకి లాగిన కొలదియు తొడ లేవలేదు, నడుమే మడత పడినది. దీనికి చికిత్స సులభము. ఒక మోకాలిని మడిచిన దుప్పటిమీద మోపి, రెండవ పాదమును ముందుంచి, పొట్టను లోనికి తీసికొని, మోపిన కాలి పిరుదును బిగించి, కటిని కొంచెము ముందునకు జరుపవలెను. తొడ ముందు భాగమున సాగుచున్నట్లు తెలియును. పది ఊపిరుల కాలము ఉండి, కాలు మార్చవలెను. వెనుకకు వంగు ఆసనమునకు ముందు ఇది చేయకుండుట పప్పు నానవేయకుండ గారెలకు రుబ్బుట వంటిది.

ఇక ఆసనముల క్రమము. మొదట బోర్ల పండుకొని, మోచేతులను భుజముల క్రిందుగా నుంచి, ముంజేతులమీద రొమ్మునెత్తి యుండుట. ఇందులో నడుమున నొప్పి లేకుండ రెండు నిమిషములు ఉండగలిగిన పిమ్మట భుజంగాసనము. భుజంగాసనములో నూటికి తొంబదిమంది చేయు పొరపాటు, చేతులతో నేలను త్రోసి లేచుట. చేతులు బలమైనవి, అవి వెన్ను తట్టుకొనగల దానికంటె మిన్నగా లేపివేయును. సరియైన పద్ధతి వేరు. పాదముల పైభాగములను నేలకు అదిమి, తోకయెముకను మడమలవైపు సాగదీయుచున్నట్లు భావించి, బొడ్డును లోనికి తీసికొని, వెన్ను కండరముల బలముతో తలను, మెడను, రొమ్మును మెల్లగా ఎత్తవలెను. లేచిన తరువాత అరచేతులను నేలనుండి వ్రేలెడు ఎత్తు తీసి, ఒక ఊపిరి కాలము నిలువుడు. అప్పుడు రొమ్ము ఎచ్చట నిలిచినదో అదియే మీ భుజంగాసనము. అంతకు మించి కనబడినదంతయు చేతుల ప్రతాపము. నాకు ఈ పరీక్ష మొదటిసారి చేసినపుడు జానెడు ఎత్తునుండి నాలుగు వ్రేళ్ళ ఎత్తునకు దిగిపోతిని. చాల సిగ్గయినది గాని, ఈసారి ఆ సిగ్గు మేలు చేసినది.

1924లో లోనావళాయందు కైవల్యధామమును స్థాపించిన స్వామి కువలయానంద ఆసనములను ఎక్స్‌రే మొదలగు సాధనములతో పరీక్షించిన తొలివారిలో ఒకరు. శలభాసనమునకు ముందు, ఒక్కొక్క కాలినే యెత్తు అర్ధ శలభాసనమును వారు నేర్పిరి. బలము చాలనివాడు పూర్ణాసనమునకై కుస్తీ పట్టుట కంటె అర్ధాసనమును చక్కగా చేయుట మేలను ఈ దృష్టి నాకెంతయు నచ్చినది. సగము ఆసనమును సగము ఆసనమనియే ఒప్పుకొనుటలో చిన్నతనమేమియు లేదు.

భుజంగ శలభములు రెండు మూడు నెలలు సాగిన తరువాత సేతుబంధమునకు పోవచ్చును. వెల్లకిల పండుకొని, మోకాళ్ళు మడిచి, పాదములను తొడకీళ్ళ వెడల్పున నుంచి, మడమలను అదిమి కటిని పైకెత్తుట. దీనిలో గొప్ప సౌకర్యమేమనగా, తల, భుజములు నేలమీదనే యుండును. అలసినచో దిగుటకు శ్రమ లేదు. మోకాళ్ళు ప్రక్కలకు విచ్చుకొని పోకుండ, వాని నడుమ నొక చిన్న దిండును పట్టుకొనుట మంచిది. మెడను ఇటునటు త్రిప్పుట మాత్రము కూడదు.

ఉష్ట్రాసనమునకు గోడను గురువుగా పెట్టుకొనుడు. గోడకు ఎదురుగా మోకాళ్ళమీద నిలిచి, తొడలు, కటి గోడకు ఆనించి, చేతులు నడుము వెనుక నుంచి రొమ్మును పైకి, తరువాత వెనుకకు తీసికొనవలెను. తొడలు గోడను విడిచిన క్షణమున మీ హద్దు వచ్చినదని తెలియును. మడమలను చేతులతో అందుకొనుటకు తొందర లేదు. తలను వెనుకకు వ్రేలాడవేయుట చూచుటకు అందముగా నుండును గాని, మెడకు నష్టము; తల తిరుగువారికి ప్రమాదము. చూపు ఎదుటి గోడ పైభాగమునందు నిలిపిన చాలును.

ధనురాసనమునకు మరల వచ్చుటకు నాకు సంవత్సరమున్నర పట్టినది. ఈ పర్యాయము ఒక తువ్వాలును చీలమండలకు చుట్టి, దాని కొనలు పట్టుకొంటిని. ఇంకొక రహస్యము కూడ నేర్చుకొంటిని: చేతులు కాళ్ళను లాగరాదు, కాళ్ళే వెనుకకు తన్ని చేతులను లాగవలెను. అల్లెత్రాడు బిగియుటకు విల్లే కారణమైనట్లన్నమాట. అప్పుడు తొడలు తమంతట లేచును. ఆనాడు నా తొడలు నేలనుండి బియ్యపుగింజంత లేచినవి.

అరచేతులు, పాదములు మాత్రమే నేలను తాకునట్లు శరీరమును పైకెత్తు ఊర్ధ్వ ధనురాసనమును పలువురు చక్రాసనమనియు అందురు. దానిని రేడియోలో నేర్పుట న్యాయము కాదు. ఎదుట నిలిచి సరిదిద్దు గురువు కావలెను. బి. కె. యస్. అయ్యంగారు 1966లో ప్రకటించిన గ్రంథములో ఆసనములకు సులభమైన వానికి 1 మొదలు అతి కఠినమైన వానికి 60 వరకు అంకెలు వేసిరి. వారి లెక్కలో భుజంగాసనము మొదటి మెట్టునందే యున్నది. ఊర్ధ్వ ధనురాసనము కూడ పదింటిలోపుననే యున్నది. ఆ యంకె చూచి మోసపోరాదు. అది జీవితమంతయు సాధనకు ధారపోసిన మహనీయుని కొలబద్ద; కుర్చీకి ధారపోసిన మనబోటి వారిది కాదు. దానికి యోగ్యత తెలిసికొను పరీక్ష మాత్ర మొకటి చెప్పెదను. వీపు గోడకు ఆనించి నిలిచి, ప్రక్కటెముకలు ముందునకు పొడుచుకొని రాకుండ, మోచేతులు వంచకుండ, రెండు చేతులును పైకెత్తి గోడను తాకగలరేమో చూడుడు. తాకలేనిచో భుజములు సిద్ధముగా లేవన్నమాట. భుజముల అప్పును నడుము తీర్చవలసి వచ్చును.

హద్దును తెలిసికొనుట యెట్లు? ఊపిరియే సాక్షి. ఆసనములో నున్నపుడు ఊపిరి తెలియకుండ బిగబట్టినను, ముక్కుపుటములు అదరినను, పండ్లు కరచుకొనినను, ఒక వ్రేలెడు వెనుకకు దిగవలెను. నొప్పులలోను భేదము కలదు. వెన్నునకు ఇరు ప్రక్కల వెడల్పుగా, పని చేసిన అలసటవలె నుండునది మంచిదే. ఒక్క బిందువున గ్రుచ్చినట్లుండునది చెడ్డది. కాలిలోనికి మెరుపువలె దిగునది, తిమ్మిరి పుట్టించునది మరియు చెడ్డది, అంతటితో ఆపవలెను. కాలు బలము తగ్గినను, మలమూత్రములమీద అదుపు తప్పినను ఆ దినముననే వైద్యుని కడకు పోవలెను.

ఎక్కునపుడు చూపిన ఓర్పును దిగునపుడు చూపువారు తక్కువ. నొప్పి పట్టుట తరచుగా దిగునపుడే. పైకి పోయిన దారినే, అంత మెల్లగానే తిరిగి రావలెను. వచ్చిన వెంటనే తలను మోకాళ్ళకు ఆనించి ముందునకు వంగుట చాలమంది అలవాటు. అదియు మంచిది కాదు. ముందు చదునుగా పండుకొని నాలుగైదు ఊపిరుల కాలము విశ్రమించి, పిమ్మట ఒక్కొక్క మోకాలిని రొమ్మునకు తీసికొని, ఆ తరువాతనే కావలసినచో వంగవలెను. వేళ విషయమున నాకొక అభిప్రాయ భేదము కలదు. తెల్లవారుజామే శ్రేష్ఠమని పెద్దలందురు. ప్రాణాయామ ధ్యానములకు అది నిజమే. కాని రాత్రి పండుకొనియున్నపుడు పూసల నడుమ నున్న మెత్తని బిళ్ళలు నీటిని పీల్చి ఉబ్బి యుండును. లేచిన మొదటి గంటలో వెన్ను బిరుసుగా నుండును. నలుబది దాటినవారు ఉదయమున కొంత నడచి, సూర్య నమస్కారములు నెమ్మదిగా చేసి, ఆ పిమ్మట వంగుట మేలు. లేదా సాయంకాలము చేయవచ్చును. భోజనమై మూడు నాలుగు గంటలు గడచి యుండవలెననుటలో మాత్రము భేదము లేదు.

గర్భిణీ స్త్రీలు, ఇటీవల కడుపునకు శస్త్రచికిత్స అయినవారు, గిలక జారినవారు, కడుపులో పుండు గలవారు, పూస జారినదని వైద్యులు చెప్పినవారు ఈ ఆసనముల జోలికి పోరాదు. రక్తపుపోటు గలవారు, ఎముకలు గుల్లబారినవారు వైద్యుని అడిగియే మొదలు పెట్టవలెను. ఏ గురువైనను మీ వీపుమీద మోకాలు మోపి నొక్కబోయినచో, వినయముగా “వద్దండీ” అనుడు. ఆ ఒక్క మాట అనలేకనే నేను మూడు నెలలు పండుకొంటిని.

మా అక్కయ్యకు 63 ఏండ్లు. నా అభ్యాసమును చూచి, “తమ్ముడూ, నాకీ గూని వచ్చేస్తోంది, ఏమైనా చెప్పరాదుట్రా?” అని అడిగినది. ఎముకల పరీక్ష చేయించి, వైద్యుల అనుమతి తీసికొన్న పిమ్మట ఆమెకు చెప్పినది ఒక్కటే. గోడకు మడమలు, పిరుదులు, వీపు ఆనించి నిలువబెట్టితిని. తల గోడకు బెత్తెడు దూరమున నిలిచినది. గడ్డమెత్తకుండ, రొమ్మును పైకెత్తుచు ఊపిరి పీల్చుమంటిని. దినమునకు రెండు పూటలు, పది ఊపిరులు. రాత్రి ఐదు నిమిషములు దుప్పటి పాఠము. అంతకు మించి ఏ ఆసనమును చెప్పలేదు. “ఇదేం యోగమురా, గోడకు కాపలా కాసినట్టుంది” అని ఎగతాళి చేసినది గాని మానలేదు. ఐదవ నెలలో ఒకనాడు ఫోను చేసి, “తల ఆనింది” అనినది. రెండు ఊళ్ళ నడుమ మేమిద్దరము కొంతసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత, పై అరలోని ఊరగాయ జాడీని ముక్కాలిపీట లేకుండ తానే దింపుకొనుచున్నానని చెప్పినది.

నా సంగతి యడిగినచో, ఊర్ధ్వ ధనురాసనమునకు నా భుజములు నేటికిని ఒప్పుకొనలేదు. గోడ పరీక్షలో నా చేతులకును గోడకును నడుమ ఇంకను నాలుగు వ్రేళ్ళ యెడము కలదు. మొదట జానెడుండెను.